వ్యాపారధురీణుడు జంషెట్జీ టాటా, ఆయన సహచరులు

గొప్ప వ్యాపారము ఒక్కని ధనముతోను, ఒక్కని బుద్ధితోను సాగునది కాదు. పదిమంది కలిసినగాని దానికి బలము చేకూరదు. అయితే ఆ పదిమంది యెట్టివారు కావలయును, ఏ గుణమునుబట్టి వారిని ఎన్నుకొనవలయును అను ప్రశ్నకు సమాధానము వెదకుకొనకయే మనలో ననేకులు పొత్తువ్యాపారములకు దిగుచున్నారు. అన్నదమ్ములు కలిసి పెట్టిన కొట్టు లెక్కలు చూచుకొను దినమున చెడును. మిత్రులు కలిసి పెట్టిన మిల్లు మొదటి నష్టముతో చీలును. అట్లు చెడినపుడు పోవునది మూలధనము మాత్రమే కాదు. బంధుత్వము, స్నేహము, నలుగురిలో మాట, అన్నియు దానివెంట పోవును. ఇట్టి కథ ప్రతి యూరను ఒకటి రెండైనను వినవచ్చును.

కావున ఈ సంవత్సరపు సంచికయందు భారతదేశ పరిశ్రమలకు పునాదివేసిన జంషెట్జీ నసర్వాన్జీ టాటా జీవితమును, ముఖ్యముగా ఆయన తన తోడివారి నెన్నుకొన్న తీరును, సంఘసోదరులకును పోషకమహాశయులకును విన్నవింపదలచితిమి. ఆయన ఐశ్వర్యమును గుఱించి విననివారు లేరు. ఆ యైశ్వర్యమునకు వెనుక నిలిచిన మనుష్యులను గుఱించి యెఱిగినవారు కొందఱే.

జంషెట్జీ 1839వ సంవత్సరము మార్చి 3వ తేదీన గుజరాతు ప్రాంతమందలి నవసారి పట్టణమున జన్మించెను. వారిది పారసీకులలో పౌరోహిత్యము చేయు కుటుంబము. తండ్రి నసర్వాన్జీ కులవృత్తిని విడిచి బొంబాయి చేరి వర్తకము నారంభించెను. కుమారుడు పదునాల్గేండ్ల ప్రాయమున తండ్రియొద్దకు వచ్చి, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, 1858లో విద్య ముగించెను. మఱుసటి యేట తండ్రి యాతనిని హాంకాంగునకు పంపెను. అక్కడ పరదేశపు వర్తకమును, సరుకుల మర్మమును, మనుష్యుల స్వభావమును ఆ యువకుడు కన్నులార చూచి నేర్చుకొనెను.

అంతలో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టెను. అచటి ప్రత్తి ఇంగ్లండునకు చేరుట నిలిచిపోవుటచే 1861 మొదలు 1865 వఱకు బొంబాయి ప్రత్తికి బంగారుధర పలికెను. ఊరంతయు వాటాల పిచ్చిలో మునిగెను. ఆ కాలమున ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అను వర్తకుడు బొంబాయికి మకుటములేని రాజువలె వెలుగుచుండెను. నసర్వాన్జీయు ఆయనతో వ్యవహారము కలిపెను. లండనులో నొక బ్యాంకి పెట్టవలయునను తలంపుతో జంషెట్జీని అచటికి పంపిరి. 1865లో యుద్ధము ముగియగానే ప్రత్తిధర కుప్పకూలెను. చేతనున్న కాగితములు చిత్తుకాగితము లయ్యెను. లండనులో జంషెట్జీ అప్పులవారి నడుమ ఒంటరిగా నిలువవలసి వచ్చెను.

ఈ సందర్భమున ఆయన దాగికొనలేదు. అప్పులవారి నందఱిని తానే కలిసికొని, ఉన్నది ఉన్నట్లు లెక్కలు చూపెను. ఆ నిజాయితీకి మెచ్చి వారు ఆస్తులను పరిష్కరించు పనిని ఆయనకే యప్పగించిరి. ఇచట తండ్రి బొంబాయిలోని తన యింటిని అమ్మి అప్పు తీర్చెను. ఇరువదియాఱేండ్ల ప్రాయమున తగిలిన యీ దెబ్బ జంషెట్జీకి జన్మాంతము గుఱుతుండెను. ఊరందఱు ఎవనివెంట పరుగెత్తుదురో వాడే మంచి భాగస్వామి యని నమ్మరాదనియు, కలిమిదినములలో జతకట్టినవారి విలువ లేమిదినములలో తేలుననియు ఆయన నేర్చిన మొదటి పాఠ మిదియే యని చెప్పవచ్చును.

తరువాత 1868లో అబిసీనియా దండయాత్రకు సామగ్రి సరఫరాచేయు గుత్తలో నసర్వాన్జీ భాగము వహించుటచే కుటుంబము మరల తేఱుకొనెను. అదే సంవత్సరమున జంషెట్జీ ఇరువదియొక్కవేల రూపాయల మూలధనముతో స్వంత వర్తకము నారంభించెను. 1869లో చించ్‌పోకలీయందు దివాలాతీసిన యొక నూనెమిల్లును కొని, దానిని నూలుమిల్లుగా మార్చి, అలెగ్జాండ్రా మిల్లని పేరు పెట్టి, రెండేండ్లలో లాభమునకు అమ్మివేసెను. అమ్మినవెంటనే మఱొక మిల్లు పెట్టలేదు. లాంకషైరునకు పోయి, అచటి మిల్లులను, యంత్రములను, పనివారిని తనివితీర పరిశీలించి వచ్చెను. తాను నేర్వని పనిలో ఇతరుల ధనమును పెట్టింపరాదని ఆయన భావించియుండవలయును.

ఆనాడు మిల్లు పెట్టదలచినవాడు బొంబాయిని విడిచి పోవుట యెఱుగడు. జంషెట్జీ మాత్రము ప్రత్తి పండుచోటికి పోవలయునని నిశ్చయించుకొని, మధ్యపరగణాలలోని నాగపురమును ఎన్నుకొనెను. చుట్టును ప్రత్తిపొలములు, చేరువలో వరోరా బొగ్గు, ప్రక్కనే రైలు. అయినను స్థలము పల్లపునేల, చిత్తడి. దానిని మన్నుపోసి యెత్తు చేయుచుండగా చూచి ఆ యూరి షావుకా రొకడు టాటా బంగారమును బురదలో పూడ్చుచున్నాడని నవ్వి, వాటా కొనుటకు నిరాకరించెననియు, పిమ్మట ఆయన పూడ్చినది మన్ను కాగా తీసినది బంగారమని యొప్పుకొనెననియు చెప్పుకొందురు. 1874లో పదునైదులక్షల రూపాయల మూలధనముతో కంపెనీ యేర్పడెను. 1877వ సంవత్సరము జనవరి 1వ తేదీన, విక్టోరియా రాణి భారతచక్రవర్తినిగా ప్రకటింపబడిన నాడే, ఎంప్రెస్ మిల్లు పని నారంభించెను.

ఆ మిల్లును నడపుటకు ఆయన ఎవరిని తెచ్చెను? ఇచటనే చదువరులు కొంచె మాగి యోచింపవలయును. మిల్లు మేనేజరు పదవికి జంషెట్జీ ఎన్నుకొన్నవాడు బెజొన్జీ దాదాభాయి మెహతా. ఈయన రైల్వేలో సరుకుల రవాణా శాఖలో పనిచేసినవాడు. నూలువడకుటను గాని నేతను గాని ఎఱుగడు. పని తెలిసినవారు బొంబాయిలో లేకపోలేదు. అయినను జంషెట్జీ ఆయనయందు పనివారిని నడపు నేర్పు, కాలనియమము, చేతికిచ్చిన ధనమునకు పైసలతో లెక్క చెప్పు అలవాటు చూచెను. పనిని నేర్పవచ్చును గాని స్వభావమును నేర్పలేము. బెజొన్జీ పనిని నేర్చుకొనెను. చిరకాలము ఆ మిల్లునకు ప్రాణమై నిలిచెను.

అయితే నేర్పరి లేకుండ స్వభావ మొక్కటియే యంత్రమును తిప్పదు. దానికై జేమ్స్ బ్రూక్స్‌బీ అను లాంకషైరు ఇంజనీరును జంషెట్జీ తెచ్చి బెజొన్జీకి తోడు చేసెను. ఒకరికి యంత్రమర్మము తెలియును, రెండవవారికి మనుష్యమర్మము తెలియును. ఒకరి లోపమును మఱొకరు పూరించిరి. ఆ కాలమున రింగుకదురు అను క్రొత్తరీతి వడకుయంత్రమును లాంకషైరు మిల్లులవారే సందేహించుచుండగా, నాగపురమున దానిని తెప్పించి పరీక్షించి, లాభకరమని తేల్చుకొని, వాడుకలోనికి తెచ్చిరి. మొదట చవుకయని కొన్న యంత్రములు సరిగా పనిచేయకుండుటచే వానిని తీసివేసి మేలైనవి పెట్టవలసివచ్చెను. ఆ తప్పును కప్పిపుచ్చక దిద్దుకొనుటయు సహచరులపై గల నమ్మకమునకు గుఱుతే.

ఆ మిల్లున చదువుకొన్న యువకులను చేర్చుకొని పని నేర్పు పద్ధతి పెట్టిరి. 1886లో పనివారికి పింఛనునిధిని, 1895లో ప్రమాదమున గాయపడినవారికి నష్టపరిహారమును ఏర్పఱచిరి. చట్టములు నిర్బంధింపకమునుపే ఇవి చేసిరి. పై నాయకుని యెన్నుకొనుట యెంత ముఖ్యమో, క్రింది పనివాడు విడిచిపోకుండ నిలుపుకొనుటయు అంత ముఖ్యమని వారు గ్రహించిరి.

కుమారుల విషయమున జంషెట్జీ చేసినది మనవారందఱు గమనింపదగినది. పెద్దకుమారుడు దొరాబ్జీ 1859లో పుట్టెను. కేంబ్రిడ్జిలో కొంతకాలము చదివి, 1882లో బొంబాయియందు పట్టభద్రుడై, రెండేండ్లు పత్రికావిలేఖరిగా పనిచేసెను. తండ్రి యాతనిని వెంటనే గద్దెమీద కూర్చుండబెట్టలేదు. 1884లో ప్రత్తివ్యాపారశాఖలో చేర్చి, ఫ్రెంచివారి పుదుచ్చేరిలో మిల్లు పెట్టుట లాభమో కాదో చూచిరమ్మని పంపెను. పిమ్మట నాగపురమునకు పంపి బెజొన్జీ చేతిక్రింద పని నేర్చుకొనుమనెను. యజమాని కుమారుడు మేనేజరునకు శిష్యు డయ్యెను. అట్లు చేసినందున బెజొన్జీ గౌరవమును నిలిచెను, దొరాబ్జీకి పనియు వచ్చెను.

1887లో టాటా అండ్ సన్స్ అను సంస్థ యేర్పడినది. అందు జంషెట్జీ, దొరాబ్జీ, మేనమామ కుమారుడగు రతన్‌జీ దాదాభాయి టాటా కలిసి పనిచేసిరి. రెండవ కుమారుడు రతన్‌జీ కొంతకాలమునకు చేరెను. రతన్‌జీ దాదాభాయి మద్రాసున వ్యవసాయశాస్త్రమును చదివి, తూర్పుదేశములలో వర్తకము చేసి యనుభవము గడించినవాడు. తరువాతి కాలమున ప్రసిద్ధికెక్కిన జే. ఆర్. డీ. టాటాకు ఈయనయే తండ్రి. బంధువులను చేర్చుకొనుట తప్పని జంషెట్జీ తలపలేదు. బంధుత్వ మొక్కటియే చాలునని మాత్రము ఎన్నడును తలపలేదు.

ఆయన యెన్నుకొన్నవారిలో మిక్కిలి విచిత్రమైనవాడు బుర్జోర్జీ పాద్షా. గణితము, తత్త్వము చదివి అధ్యాపకవృత్తియం దుండిన పండితుడు. బేరమాడుట యెఱుగనివాడు. ఇట్టివాడు వ్యాపారసంస్థలో నెందుకని పలువురు అనుకొనియుందురు. జంషెట్జీ మాత్రము తన మనస్సులోని పెద్దపనులకు లోతుగా తఱచి చూచు బుద్ధి కావలయునని యెఱుగును. శాస్త్రవిద్యాలయమును స్థాపింప సంకల్పించినపుడు పాద్షాను ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయములను పరిశీలించి రమ్మని పంపెను. ఆ పరిశ్రమఫలముగా తయారైన పథకమును 1898 డిసెంబరు 31వ తేదీన అప్పుడే దేశమునకు వచ్చిన కర్జనుప్రభువునకు సమర్పించిరి. దానికై జంషెట్జీ ముప్పదిలక్షల రూపాయల విలువగల ఆస్తి నిచ్చుటకు సిద్ధపడెను.

ఆయన చేసినవన్నియు ఫలించెనని చెప్పుట సత్యము కాదు. 1886లో కుర్లాయందలి ధరమ్‌సీ మిల్లును పండ్రెండున్నరలక్షలకు కొని స్వదేశీ మిల్లని పేరు పెట్టెను. చవుకగా దొరకెనని సంతోషించునంతలో, పాతయంత్రములు మొండికెత్తెను. వాటాల ధర పడిపోయెను. భాగస్వాములు కలవరపడిరి. అప్పుడు జంషెట్జీ తన స్వంత ఎంప్రెస్ వాటాలను కొన్నింటిని అమ్మి ఆ ధనమును కుర్లాలో పెట్టి, నాగపురమునుండి అనుభవజ్ఞులైన పనివారిని రప్పించి, మిల్లును నిలువబెట్టెను. తన మాట నమ్మి ధనమిచ్చినవారు మునుగుచుండగా తా నొడ్డున నిలువరాదని ఆయన నియమము. ఒక మిల్లున తయారైన జట్టు మఱొక మిల్లును రక్షించిన దనుటయు ఇచట గమనింపవలయును.

ఓడల వ్యాపారము మాత్రము నిలువలేదు. బొంబాయినుండి చీనా జపానులకు నూలు పంపుటకు పీ అండ్ ఓ కంపెనీవారు టన్నునకు పందొమ్మిది రూపాయలు పుచ్చుకొనుచుండిరి. 1893లో జంషెట్జీ జపానునకు పోయి నిప్పన్ యూసెన్ కైషా అను ఓడలకంపెనీతో పొత్తు కుదుర్చుకొనెను. నష్టములో నీవును సమభాగము వహించి ఓడలు నడపవలయునని జపానువారు కోరిరి. ఆయన యొప్పుకొని, పండ్రెండు రూపాయలకే సరుకు చేర్చుటకు పూనుకొనెను. పీ అండ్ ఓ వారు తమ ధరను ఒకటిన్నర రూపాయకు దించిరి. తోడుందుమని మాట యిచ్చిన మిల్లుయజమానులలో పలువురు చవుకధర చూచి అటు మరలిరి. జంషెట్జీ పెద్దమొత్తము పోగొట్టుకొని ఆ పని విరమింపవలసివచ్చెను. జపానువారు పరదేశీయులయ్యు మాట నిలుపుకొనిరి. తన యూరివారు నిలుపుకొనలేదు. నష్టమున పాలు పుచ్చుకొందునని ముందుగా చెప్పినవాడే భాగస్వామి యనియు, లాభమున పాలు కోరువాడు గిరాకీదారు మాత్రమే యనియు ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఇక ఉక్కుపరిశ్రమ. 1882లో చాందాజిల్లా యినుపరాతిని గుఱించి యొక జర్మను శాస్త్రజ్ఞుడు వ్రాసిన నివేదికను చదివిననాటినుండి జంషెట్జీ మనస్సున ఈ కోరిక నాటుకొనెను. ఇరువదియేండ్లు వేచి, 1902లో వయస్సు మీరిన దినములలో అమెరికాకు పోయెను. పిట్స్‌బర్గులో జూలియన్ కెన్నెడీ అను ఇంజనీరు న్యూయార్కులోని చార్లెస్ పేజ్ పెరిన్ పేరు చెప్పెను. జంషెట్జీ స్వయముగా పెరిన్ కార్యాలయమునకు పోయి, భారతదేశమున ఉక్కుకర్మాగారము నిర్మింపుమని యడిగెను. పెరిన్ అంగీకరించి, ముందుగా తన సహచరుడు వెల్డును పంపెను. వెల్డు, దొరాబ్జీ, జంషెట్జీ మేనల్లుడగు షాపూర్జీ సక్లత్‌వాలా అడవులలో తిరిగి రాళ్లు వెదకిరి. చాందాలో చాలినంత ఖనిజము లేదని తేలెను. వెల్డు లేదని చెప్పుటకు వెఱవలేదు, టాటాలు ఆ మాట వినుటకు వెఱవలేదు. యజమానికి ఇష్టమైన మాట చెప్పువారు ఎందఱైనను దొరకుదురు. నిజము చెప్పువానిని జీతమిచ్చి నిలుపుకొనుట ఆ సంస్థ మర్యాద. ఈ సక్లత్‌వాలాయే పిమ్మట ఇంగ్లండునకు పోయి, 1922లో పార్లమెంటుసభ్యు డయ్యెను.

అంతలో 1904 ఫిబ్రవరిలో మయూరభంజ్ సంస్థానమునుండి ప్రమథనాథ బోసు అను వంగదేశీయ భూగర్భశాస్త్రజ్ఞుడు జంషెట్జీకి జాబు వ్రాసి, గోరుమహిసాని కొండలలో మేలైన యినుము గలదని తెలిపెను. ఆ జాబే తరువాతి చరిత్రకు మూలమయ్యెను. కాని దాని ఫలమును జంషెట్జీ చూడలేదు. 1904 మే 19వ తేదీన జర్మనీలోని బాద్ నౌహైమ్ అను చోట ఆయన దేహము చాలించెను. తాను కూర్చినదానిని పెంచలేకున్నను జాఱిపోనీయక కాపాడుడని చెంతనున్న రతన్‌జీ దాదాభాయికి అంత్యకాలమున చెప్పెనని ప్రతీతి.

ఆయన చనిపోవునాటికి ఉక్కుకర్మాగారము లేదు, విద్యుచ్ఛక్తి లేదు, శాస్త్రవిద్యాలయము లేదు. మూడును కాగితములమీది సంకల్పములే. నాయకుడు పోయిన యిట్టి సమయముననే జట్టు పరీక్షింపబడును. దొరాబ్జీ, రతన్‌జీలు, పాద్షా, పెరిన్, వెల్డు చెదరిపోలేదు. 1907లో లండనున మూలధనము దొరకకపోగా బొంబాయియందు స్వదేశీయుల ముందు వాటాలు పెట్టిరి. మూడు వారములలో సుమారు ఎనిమిదివేలమంది భారతీయులు పదునాఱులక్షల పౌనులకు పైబడిన వాటాలు కొనిరి. ఆ సంవత్సరము ఆగష్టున ఉక్కుకంపెనీ రిజిష్టరయ్యెను. సాక్చీ గ్రామమున కర్మాగారము వెలసి, 1911 డిసెంబరున ఇనుమును, 1912 ఫిబ్రవరిలో ఉక్కును ఇచ్చెను. బెంగుళూరు శాస్త్రవిద్యాలయము 1909లో స్థాపితమై 1911లో విద్యార్థులను చేర్చుకొనెను. పడమటికనుమల నీటినుండి తీసిన విద్యుత్తు 1915లో బొంబాయి మిల్లులకు చేరెను. 1919లో సాక్చీకి జంషెడ్‌పూరు అను పేరు వచ్చెను. నాటినుండి మన తెలుగుజిల్లాలవారు ననేకులు అచటికి పోయి పనిచేసి కుటుంబములు నిలుపుకొనిరి.

సంఘసోదరులారా, మన సభలో నిలిచి చెప్పుటకు కొంచెము సంకోచము గలిగించు మాట యొకటి యున్నది. అయినను చెప్పవలయును. జంషెట్జీ మిక్కిలి చిన్నదగు సమాజమున పుట్టెను. తనవారియందు ప్రేమ లేనివాడు కాడు. 1892లో ఉన్నతవిద్యకై నిధి యేర్పఱచినపుడు మొదట పారసీక యువకులకే దానిని ఉద్దేశించెను. 1894లో దేశమందలి యెల్ల జాతులవారికి దానిని తెఱచెను. సహచరులలో పారసీకుడైన బెజొన్జీ యుండెను, లాంకషైరువాడగు బ్రూక్స్‌బీ యుండెను, అమెరికావాడగు పెరిన్ యుండెను. దారి చూపినవాడు వంగదేశీయుడగు బోసు. మనవాడా కాడా యను ప్రశ్నను ఆయన మొదట వేయలేదు. ఈ పనికి తగునా, నష్టమున నిలుచునా, నిజము చెప్పునా యని యడిగెను. అట్లడుగుటవలన ఆయన సమాజమునకు కీర్తి తగ్గలేదు, పెరిగెను.

మనవారిని మనము ఆదరించుట ధర్మమే. ఈ సంఘము వెలసినదియు అందులకే. కాని ఆదరణము వేఱు, అధికారమప్పగించుట వేఱు. చదువునకు సాయము కావలసిన మనపిల్లవానికి చేయి యిత్తము. పెట్టెతాళము మాత్రము, ఎవడైనను సరే, లెక్క చెప్పగలవానికే యిత్తము. కొడుకును గద్దెకు పంపకమున్ను పనివానిక్రింద పెట్టుదము. పొత్తు కలుపుకొనునాడే లాభమునకు వలె నష్టమునకును పాలు వ్రాసికొందము. బంధువుతో వ్రాతకోతలేలయని సిగ్గుపడువారే పిమ్మట కోర్టుమెట్లమీద సిగ్గుపడుదురు.

పోషకమహాశయులు తమ ధనమును ఏ యువకునికైన ఇచ్చునపుడు ఆతని పథకమును మాత్రమే గాక ఆతని ప్రక్కన నిలిచినవారిని చూతురుగాక. తాను లేనినాడు కూడ నడచు పనిని కట్టగల ధీరులు మన సంఘమున జనింతురుగాక.